‘నాకేం జబ్బు లేదు’ అనే మనిషిని డాక్టర్ దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి? స్కిజోఫ్రీనియాపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్కిజోఫ్రీనియా గురించే (లేని గొంతులు వినిపించడం, రుజువు చూపినా పోని భ్రమలు కలగడం లాంటి లక్షణాలున్న మానసిక జబ్బు) ఉన్నాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు తీసేశాను. కొన్ని ఉత్తరాలు చాలా పెద్దవి, వాటిని కుదించాల్సి వచ్చింది.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 21 ఏళ్లు. ఏడెనిమిది నెలలుగా కాలేజీకి వెళ్లడం మానేశాడు. పగలంతా గదిలో తలుపేసుకుని ఉంటాడు, రాత్రంతా మేలుకునే ఉంటాడు. మొదట ఫోన్ కెమెరా మీద నల్ల టేపు అంటించాడు, తర్వాత లాప్‌టాప్ మీద, పోయిన వారం బాత్రూమ్ అద్దం మీద కూడా. పై అంతస్తువాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని, తను ఏం అనుకుంటే అది వాళ్లకి తెలిసిపోతోందని అంటాడు. పై ఇల్లు ఖాళీగా ఉంది. పైకి తీసుకెళ్లి తాళం చూపించాను కూడా. ‘లోపల ఉండే బయట తాళం వేయించుకున్నారు’ అన్నాడు. డాక్టర్ దగ్గరికి వెళ్దాం అంటే ‘నాకేం జబ్బు లేదు, నువ్వూ వాళ్లతో కలిసిపోయావు’ అని నాతో మాటలే మానేశాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, తాళం చూపించిన సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే దాదాపు ప్రతి ఇంట్లోనూ మొదట జరిగేది అదే. మనం రుజువు చూపిస్తాం. వాళ్ల మనసు ఆ రుజువును కూడా తన కథలోకి లాగేసుకుంటుంది. మీరు చూపించిన తాళం అతనికి ఇంకో సాక్ష్యమైంది, మీరేమో అవతలి పక్షం అయిపోయారు. దీన్ని భ్రమ అంటాం. మామూలు అపోహ అయితే రుజువు చూశాక పోతుంది, భ్రమ పోదు. తెలివి తక్కువై కాదు, చదువు లేక కాదు. చుట్టూ జరిగే వెయ్యి విషయాల్లో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి అని గుర్తు పెట్టడంలో డోపమైన్ అనే మెదడు రసాయనానికి పెద్ద పాత్ర ఉంది, ఈ జబ్బులో ఆ పని అదుపు తప్పుతుంది. ఎవరో దగ్గిన చప్పుడు, తలుపు మూసిన శబ్దం, వార్తల్లో ఒక మాట, ప్రతిదీ తన కోసమే అన్నట్టు మనసుకి తగులుతుంది. అన్నీ తన కోసమే జరుగుతుంటే ఎందుకు జరుగుతున్నాయో అని మనిషి ఒక కారణం వెతుక్కుంటాడు. మీ తమ్ముడికి దొరికిన కారణం పై అంతస్తు.

డాక్టరుగా చేరిన కొత్తలో నేనూ ఈ తప్పు చేశాను. తన పళ్లలో ఎవరో ట్రాన్స్‌మిటర్ పెట్టారని నమ్మే ఒకాయన వచ్చాడు. ఎక్స్‌రే తీయించి, లైటు ముందు పెట్టి, ఒక్కో పన్నూ చూపిస్తూ ముప్పావుగంట వాదించాను. ఆయన చాలా ఓపిగ్గా విన్నాడు. చివరికి లేచి, చొక్కా సర్దుకుని, ‘మిమ్మల్ని కూడా కొనేశారన్నమాట’ అని వెళ్లిపోయాడు. కోపంగా అనలేదు, బాధగా అన్నాడు. మళ్లీ ఐదు నెలలకి వచ్చాడు, అప్పటికి రెండు పళ్లు తనే పీకేసుకున్నాడు. మొదటిరోజు పళ్ల సంగతి వదిలేసి ‘రాత్రిళ్లు నిద్ర పడుతోందా?’ అని అడిగుంటే ఆయన నా దగ్గరే ఉండేవాడేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి ముందు వాదన ఆపండి. అలాగని ఒప్పుకోనూ వద్దు, అంటే పై అంతస్తువైపు చూసి మీరూ కేకలేయడం, టేపు కొనితెచ్చివ్వడం లాంటివి చేయకండి. ఈ రెండిటికీ మధ్య ఒక దారి ఉంది. ‘నాకు ఆ మాటలు వినపడ్డం లేదురా, కానీ నీకు వినపడుతున్నాయంటే ఎంత భయంగా ఉంటుందో అర్థం చేసుకోగలను’ అనండి. ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అతనికి వినిపించే గొంతులు నటన కాదు. గొంతులు వినిపిస్తున్న సమయంలో మెదడును స్కాన్ చేసి చూసినప్పుడు మాటకీ వినికిడికీ సంబంధించిన భాగాలు నిజంగానే చురుగ్గా పనిచేస్తూ కనిపించాయి. మీరు ఫోన్లో నా గొంతు వింటే ఎంత నిజమో అతనికి అవీ అంత నిజం.

ఇక ‘నాకేం జబ్బు లేదు’ అనే మాట. ఇది మొండితనం అనుకుని ఇంట్లోవాళ్లు చాలా కోపం తెచ్చుకుంటారు. తనకి జబ్బుందని గుర్తించాల్సింది కూడా ఆ మెదడే కదా, ఈ జబ్బు చాలామందిలో ఆ గుర్తించే శక్తినే దెబ్బతీస్తుంది. అందుకే జబ్బు పేరెత్తకుండా అతను తనంతట తాను ఒప్పుకునే ఇబ్బంది ఒకటి పట్టుకోండి. మీ ఉత్తరంలోనే ఉంది, నిద్ర. ‘ఇన్ని నెలలుగా నీకు సరిగ్గా నిద్ర లేదు, నిద్ర కోసం ఒకసారి చూపించుకుందాం, నేనూ వస్తాను’ అంటే వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కసారికి రాకపోవచ్చు, పది రోజులాగి మళ్లీ అడగండి. ఇంట్లో అతనికి ఎవరి మాట మీద గురి ఉందో వాళ్లు అడిగితే మంచిది. షికారుకని చెప్పి ఆసుపత్రి ముందు దింపడం, తినేదాంట్లో తెలియకుండా మాత్ర కలపడం మాత్రం వద్దు. తెలిసిపోతుంది. ‘వీళ్లు నాకేదో చేస్తున్నారు’ అనే భయంతో ఉన్న మనిషికి నిజంగానే అలా చేసినవాళ్లమవుతాం, ఆ తర్వాత ఏ మాత్ర ఇచ్చినా నోట్లో పెట్టుకోడు.

అతను రాకపోయినా ముందు మీరొక్కరే సైకియాట్రిస్టుని కలవొచ్చు. ఎప్పుడు మొదలైంది, ఏ నెలలో ఏం మారింది, నిద్ర, తిండి, మత్తు అలవాట్లు, చుట్టాల్లో ఎవరికైనా ఇలా ఉందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. స్కిజోఫ్రీనియాని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు, మాట్లాడి, గమనించి, కాలక్రమం చూసి చెప్పాల్సిందే. అయినా పరీక్షలు చేయిస్తారు, ఎందుకంటే గంజాయి, ఇతర మత్తుమందులు, థైరాయిడ్, మూర్ఛ, మెదడు వాపు లాంటివి కూడా అచ్చం ఇలాగే కనిపించొచ్చు, తీవ్రమైన డిప్రెషన్‌లోనూ, అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బులోనూ భ్రమలు రావొచ్చు. అందుకే ఉత్తరం చదివి మీ తమ్ముడికి ఫలానా జబ్బు అని నేను చెప్పను. అమెరికా సైకియాట్రిస్టుల పద్ధతి ప్రకారం ఆరు నెలలు లక్షణాలుంటేనే ఈ పేరు పెడతారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఒక నెల చాలు. పేరు పెట్టడానికి అంత గడువు గానీ చూపించుకోవడానికి ఏ గడువూ లేదు. మొదటిసారి వచ్చినప్పుడు చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. మీకు ఇప్పటికే ఎనిమిది నెలలైంది, ఈ వారమే వెళ్లండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ ఓపిక పద్ధతంతా పక్కన పెట్టేయాలి. గొంతులు ‘దూకెయ్’, ‘కొట్టు’ అని ఆజ్ఞాపిస్తున్నాయన్నా, చావు మాటలు మాట్లాడినా, నీళ్లు కూడా తాగడం మానేసినా, చేతిలోకి ఏదైనా ఆయుధం తీసుకున్నా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి, అతను ఒప్పుకోకపోయినా సరే, సాయం పిలిచైనా సరే. ఈ జబ్బున్నవాళ్లలో దాదాపు వందకి ఐదుగురు ఆత్మహత్యతో చనిపోతున్నారు, అందులోనూ జబ్బు మొదలైన తొలి సంవత్సరాలు మరీ ప్రమాదం. ‘చావాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని భయపడకండి, అలా పుట్టదు.

ప్రశ్న: స్కిజోఫ్రీనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండటమేనా? సినిమాల్లో చూపించినట్టు?

జవాబు: కాదు. అది వేరే సమస్య. ఈ గందరగోళానికి కారణం పేరే. స్విట్జర్లాండ్ సైకియాట్రిస్ట్ యూజెన్ బ్లాయిలర్ 1908లో చీలిక, మనసు అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి ఈ పేరు పెట్టాడు. మనిషి ఇద్దరుగా చీలిపోవడం ఆయన ఉద్దేశం కాదు, ఆలోచన, భావం, ప్రవర్తన ఒకదానితో ఒకటి పొంతన లేకుండా విడిపోవడం గురించి ఆయన మాట్లాడాడు. చనిపోయినవాళ్ల సంగతి చెబుతూ నవ్వడం, ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ సంబంధం లేకుండా మాట్లాడటం లాంటివి. జపాన్‌లో కూడా పాత పేరుకి ‘మనసు చీలిన జబ్బు’ అనే అర్థం ఉండేది. ఆ పేరు చెప్పడానికి డాక్టర్లే జంకేవాళ్లు. బాధితుల కుటుంబాలు పట్టుబడితే 2002లో ఆ పేరు తీసేసి, మనసు సమన్వయం తప్పడం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ తర్వాత జబ్బు పేరు రోగికే నేరుగా చెప్పే డాక్టర్లు అక్కడ బాగా పెరిగారు. మన దగ్గర ఇప్పటికీ ‘పిచ్చి’ అనే ఒక్క మాటతో అన్నిటినీ కలిపేస్తాం. ఆ మాట విన్నాక ఏ కుర్రాడు తనంతట తాను డాక్టర్ దగ్గరికి వస్తాడు?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లప్పుడు ఈ జబ్బు బయటపడింది. వాడి చిన్నప్పుడు నేను ఉద్యోగానికి వెళ్లేదాన్ని, ఇంట్లో గొడవలు కూడా ఉండేవి. ‘నీ పెంపకం వల్లే’ అని అందరూ అంటున్నారు. నిజమేనా డాక్టర్ గారూ? రాత్రిళ్లు ఇదే ఆలోచన.

జవాబు: నిజం కాదమ్మా. మీ చుట్టూ ఉన్నవాళ్లే కాదు, ఒకప్పుడు మా డాక్టర్లే ఈ మాట అన్నారు. 1948లో ఫ్రీదా ఫ్రామ్ రైక్‌మన్ అనే సైకియాట్రిస్ట్, తల్లి ప్రవర్తనే ఈ జబ్బు పుట్టిస్తుందనే అర్థంలో ఒక మాట వాడింది. అది పాతికేళ్లకి పైగా తల్లులను వెంటాడింది. బిడ్డ జబ్బు ఒక బాధ, దానికి నువ్వే కారణం అని డాక్టరే చెప్పడం ఇంకో బాధ. తర్వాతి పరిశోధనలు దాన్ని పూర్తిగా పక్కన పెట్టేశాయి. మా వృత్తి చేసిన పెద్ద అన్యాయాల్లో అదొకటని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు కారణాలంటే, ఒక్కటని లేదు. జన్యువుల పాత్ర ఎక్కువ, అలాగని ఫలానా ఒక్క జన్యువని లేదు, వందల జన్యువుల్లో చిన్న చిన్న తేడాలు కలిసి ముప్పు పెంచుతాయి. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఈ జబ్బు వస్తే రెండోవారికి వచ్చే అవకాశం దాదాపు సగం వరకూ ఉంటుంది. జన్యువులు ఒకటే అయినా మిగతా సగం మందికి రాదు, అంటే జన్యువులే సర్వస్వం కాదు. గర్భంలో ఉన్నప్పుడు, పుట్టేటప్పుడు వచ్చిన ఇబ్బందులు, టీనేజీలో గంజాయి, అందులోనూ ఘాటైన రకం రోజూ వాడటం, చిన్నతనంలో తీవ్రమైన హింసకి గురవడం, ఇవన్నీ ముప్పు పెంచేవే. ఇంట్లో కష్టాలు ఒత్తిడి పెంచుతాయి, కాదనను. కానీ గొడవలున్న ఇళ్లలో పెరిగిన పిల్లల్లో అత్యధికులకి ఈ జబ్బు రాదు, ఎంతో ప్రశాంతమైన ఇళ్లలోని పిల్లలకీ వస్తుంది. తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్ల మాత్రం రాదు.

19 ఏళ్లకి రావడంలో కూడా వింతేమీ లేదు. మగపిల్లల్లో ఎక్కువగా టీనేజీ చివర నుంచి ఇరవైల మధ్యలోపు బయటపడుతుంది, ఆడపిల్లల్లో కొన్నేళ్లు ఆలస్యంగా. ఈసారి ఎవరైనా పెంపకం మాటెత్తితే ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: నాకు 27. మూడేళ్ల క్రితం జబ్బు వచ్చింది, ఆసుపత్రిలో ఉన్నాను. ఇప్పుడు గొంతులు లేవు, ఉద్యోగం చేస్తున్నాను. ఓలాంజపిన్ వాడుతున్నాను. 14 కిలోలు పెరిగాను, పొద్దున పది దాకా కళ్లు తెరవలేను. బాగానే ఉన్నప్పుడు ఇంకా మందులెందుకు? ఇదే జబ్బున్న గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ మందులు మానేసి కూడా కోలుకుని నోబెల్ తెచ్చుకున్నాడని చదివాను. నేను మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: బాబూ, మానేయకముందే రాశారు, చాలా సంతోషం. ముందు మీ 14 కిలోల గురించి. దాన్ని చిన్న విషయంలా తీసిపారేసే డాక్టర్లంటే నాకు నిజంగా కోపం. సగం మంది మందులు మానేసేది సైడ్ ఎఫెక్ట్స్ ఎవరూ పట్టించుకోకపోవడం వల్లే అని నా అనుభవం. ఈ మందుల్లో బరువు ఎక్కువగా పెంచే వాటిలో ఓలాంజపిన్ ఒకటి. షుగర్, కొలెస్ట్రాల్ కూడా పెరగొచ్చు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే సగటున పదేళ్లకి పైగా ముందే చనిపోతున్నారు, అందులో ఎక్కువ భాగం గుండెజబ్బులు, షుగర్ లాంటి శరీర సంబంధమైన కారణాల వల్లే. కాబట్టి మీ ఫిర్యాదు అందం గురించిన ఫిర్యాదు కాదు, ఆరోగ్యం గురించినది. డాక్టర్‌తో ఆ మాటే అనండి. డోసు తగ్గించొచ్చా, మందు వేసే వేళ మార్చొచ్చా, అరిపిప్రజోల్ లాంటి బరువు తక్కువ పెంచే మందుకి మార్చొచ్చా, ఈ మూడు ప్రశ్నలూ రాసుకుని వెళ్లండి. సిగరెట్ అలవాటుంటే అదీ చెప్పండి, పొగ వల్ల ఓలాంజపిన్ రక్తంలో తగ్గిపోతుంది, సిగరెట్ మానేసిన వెంటనే అదే డోసు ఎక్కువైపోయి మత్తు పెరుగుతుంది. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

ఇక నాష్. మీరు చదివింది నిజమే, 1970 తర్వాత మందులు వాడలేదని ఆయనే చెప్పాడు. దాంతోపాటు మిగతా కథ కూడా చూడాలి. ఆయనకి 1959లో జబ్బు బయటపడింది, అప్పటికి 30 ఏళ్లు. నోబెల్ వచ్చింది 1994లో, అదీ జబ్బు రాకముందు చేసిన పనికి. మధ్యలో ఏళ్లకేళ్లు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వరండాల్లో ఒంటరిగా తిరుగుతూ, ఎవరికీ అర్థం కాని లెక్కలు, సందేశాలు బోర్డుల మీద రాస్తూ గడిపాడు. విద్యార్థులకి ఆయన ఒక నీడలాంటి మనిషి. విడాకులైపోయినా భార్య అలీసియా 1970లో మళ్లీ ఆయన్ని ఇంట్లో ఉండనిచ్చింది, యూనివర్సిటీ ఆయన్ని గెంటేయలేదు. మెల్లగా, చాలా మెల్లగా, 1980లు గడిచేసరికి తేరుకున్నాడు. మందుల్లేకుండా బాగుపడేవాళ్లు కొద్దిమంది ఉన్నారు, కాదనను, కానీ ఆ కొద్దిమంది ఎవరో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ మా దగ్గర లేదు. ఆయన ఇరవై ఏళ్లకి పైగా పోగొట్టుకున్నాడు. మీకు 27.

‘బాగానే ఉన్నప్పుడు ఎందుకు’ అన్నారు. బాగుండటంలో మందు వాటా ఎంతో తెలిసేది అది ఆపాకే, అదే చిక్కు. చాలామందికి ఆపిన మర్నాడు ఏమీ కాదు, వారానికీ కాదు, పైగా ఒళ్లు తేలికై హాయిగా ఉంటుంది, ‘చూశారా’ అనిపిస్తుంది. మూడు నెలలకో ఆరు నెలలకో నిద్ర తగ్గడంతో మొదలవుతుంది. మానేసినవాళ్లలో ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలోపే జబ్బు తిరగబెడుతుంది, తిరగబెట్టిన ప్రతిసారీ పాత మందుకి పాతంత త్వరగా లొంగుతుందన్న నమ్మకం లేదు. జీవితాంతం ఇదే డోసు వాడమని నేను అనడం లేదు. తగ్గించాలనుకుంటే డాక్టర్‌తో కలిసి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఉద్యోగం మారేటప్పుడో ఇంట్లో పెద్ద మార్పు ఉన్నప్పుడో మొదలుపెట్టకూడదు. దానికి ముందు ఒక పని చేయండి. మూడేళ్ల క్రితం గొంతులు రాకముందు నెలలో మీలో ఏమేం మారాయో గుర్తు తెచ్చుకుని రాయండి. ఒకమ్మాయికి ప్రతిసారీ మొదట కనిపించే గుర్తు రంగులు మరీ కాంతిగా కనిపించడం. ఇంకొకరికి ఫోన్ ఎత్తడం మానేయడం. మీ గుర్తులేవో తెలిస్తే, వాటిని మీరు నమ్మే ఒక్క మనిషికి చెప్పి పెట్టండి, అది కనిపించిన రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలని ఒప్పందం చేసుకోండి.

రోజూ మాత్ర మింగడమే చిరాకైతే నెలకోసారి, కొన్ని మందుల్లో మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. కొత్త దారులూ తెరుచుకుంటున్నాయి. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్‌తో మొదలైన దగ్గర్నుంచీ ఈ జబ్బు మందులన్నీ డోపమైన్‌ను అడ్డుకోవడం మీదే నడిచాయి. 2024 సెప్టెంబరులో అమెరికాలో మొదటిసారి వేరే దారిలో పనిచేసే మందుకి అనుమతి వచ్చింది, జానోమెలిన్, ట్రోస్పియమ్ అనే రెండిటిని కలిపింది. అది మీకు పనికొస్తుందని కాదు, ఇప్పుడున్న మాత్రే ఆఖరి మాట కాదని తెలియాలని చెబుతున్నాను.

ప్రశ్న: మావారికి పదేళ్లుగా ఈ జబ్బు. మందులు వేసుకుంటారు, అనుమానాలు తగ్గిపోయాయి. కానీ పగలంతా గోడవైపు తిరిగి పడుకునే ఉంటారు. స్నానం చేయమని నాలుగుసార్లు చెప్పాలి. మాట్లాడరు, నవ్వరు, నాకు జ్వరమొచ్చినా ఎలా ఉందని అడగరు. జబ్బు తగ్గాక కూడా ఇలా ఉన్నారంటే ఇది ఒట్టి బద్ధకమే కదా? అరిచి అరిచి నా గొంతు పోతోంది.

జవాబు: అమ్మా, బద్ధకం కాదు. జబ్బులో మనకి బాగా కనిపించిన సగం తగ్గింది, కనిపించని సగం మిగిలింది. గొంతులు, భ్రమలు లాంటివి లేనివి వచ్చి చేరడం. ఉత్సాహం, మాట, ముఖంలో భావం, పని మొదలుపెట్టే శక్తి, ఇవి ఉన్నవి పోవడం. ఇప్పుడున్న మందులు మొదటి రకానికి పనిచేసినంతగా రెండో రకానికి చేయవు. బద్ధకస్తుడు పని తప్పించుకుని తనకిష్టమైనదేదో చేస్తాడు. మీవారు ఇష్టమైనది కూడా చేయడం లేదు, అదే తేడా. ముఖంలో భావం లేదు కాబట్టి లోపల కూడా ఏమీ లేదనుకోకండి. ఇలాంటి ఒకాయన్ని నేను ‘మీ ఆవిడకి ఒంట్లో బాగోనప్పుడు మీకేమనిపించింది?’ అని అడిగితే, చాలాసేపు నేలవైపు చూసి, ఏమాత్రం మారని ముఖంతో, ‘తను చనిపోతే నేనేమైపోతానో అని రాత్రంతా నిద్రపోలేదు’ అన్నాడు. పక్కనే కూర్చున్న ఆ భార్య ఆ మాట వినడం అదే మొదటిసారి.

అయినా ఒకసారి డాక్టర్‌కి ఈ విషయం విడిగా చెప్పండి, ఎందుకంటే ఇది మందు డోసు ఎక్కువవడం వల్ల వచ్చిన మత్తు, బిగుతు కావొచ్చు, డిప్రెషన్ కావొచ్చు, ఈ రెండిటికీ మార్గం ఉంది. అవి కాదని తేలితే చిన్న పనులే మందు. ‘స్నానం చేయండి’ అనేది మనకి ఒక పని, ఆయనకి పది పనులు. తువ్వాలు చేతికిచ్చి ‘రండి, నీళ్లు వదిలాను’ అంటే అందులో ఐదు తగ్గుతాయి. రోజూ ఒకే వేళకి, ఒకే క్రమంలో జరిగేలా చూడండి. చేసినప్పుడు ఒక మంచి మాట, చేయనప్పుడు ఏమీ అనకుండా ఊరుకోవడం.

అరవడం గురించి మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. 1950ల్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆసుపత్రి నుంచి విడుదలైన మగవాళ్లని గమనిస్తే ఆశ్చర్యంగా తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లకే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది, అద్దె గదుల్లో విడిగా ఉన్నవాళ్లకి తక్కువ. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో కారణం తేలింది. ఇంట్లో విమర్శలు, విసుగు, లేదంటే ఊపిరాడనివ్వనంత అతిజాగ్రత్త, ఈ జబ్బున్న మెదడుకి ఇవి భరించలేని బరువు. కుటుంబానికి ఈ విషయాలు నేర్పించి, ఇంట్లో వేడి తగ్గిస్తే తిరగబెట్టడం బాగా తగ్గుతుందని కూడా తేలింది. కానీ పదేళ్లుగా ఒక్కరే మోస్తున్న మనిషి అరవకుండా ఎలా ఉంటుంది? అందుకే వారంలో కొన్ని గంటలు మీకంటూ ఉండాలి. ఆయన దగ్గర వేరొకరిని ఉంచి బయటికి వెళ్లండి, మీలాంటి ఇంకో కుటుంబంతో మాట్లాడండి, నిద్ర పట్టకపోయినా ఊరికే ఏడుపొస్తున్నా మీరూ చూపించుకోండి. ఇది ఆయన చికిత్సలో భాగమే అనుకోండి.

ప్రశ్న: మా ఆఫీసులో కొత్తగా చేరినతనికి స్కిజోఫ్రీనియా అట. అందరూ భయపడుతున్నారు. ప్రమాదమా?

జవాబు: ఈ జబ్బున్నవాళ్లలో చాలా ఎక్కువమంది ఎవరి జోలికీ వెళ్లరు. ఇతరులని కొట్టేవాళ్లకంటే ఇతరుల చేతిలో దెబ్బలు తినేవాళ్లు, మోసపోయేవాళ్లే ఎక్కువ. చికిత్స లేకుండా భయంకరమైన భ్రమల్లో ఉన్నప్పుడు, ముఖ్యంగా మద్యం, మత్తుమందులు తోడైనప్పుడు ముప్పు పెరుగుతుందనేది నిజం. అతనేమో ఉద్యోగానికి వస్తున్నాడు. ప్రపంచంలో ప్రస్తుతం దాదాపు ప్రతి 300 మందిలో ఒకరికి ఈ జబ్బుంది, మీరు పేరు తెలియకుండానే ఇప్పటికే కొందరితో కలిసి పనిచేసి ఉంటారు. భోజనానికి పిలవండి. అతని జబ్బు సంగతి మీ ఆఫీసులో ఎవరు బయటపెట్టారో గానీ అది మాత్రం తప్పు.

ప్రశ్న: నాకు 26. నాలుగేళ్లుగా ఇదే జబ్బుకి రిస్పెరిడోన్ వాడుతున్నాను, రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. నన్ను ఇష్టపడుతున్న అతనికి చెప్పాలా వద్దా? ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. పిల్లలకి కూడా వస్తుందా? గర్భం వస్తే మందులు ఆపేయాలా?

జవాబు: చెప్పండి అమ్మా. మీ ఇంట్లోవాళ్ల భయం నాకు తెలుసు, నిజం చెబితే వెళ్లిపోతాడేమో అని. వెళ్లిపోతే బాధే. కానీ దాచి చేసుకుంటే రోజూ మాత్ర దాచుకుని వేసుకోవాలి, ఏదో ఒకరోజు వేసుకోవడం కుదరదు, అలా మెల్లగా మానేసి మళ్లీ ఆసుపత్రికి వచ్చినవాళ్లని ఎందరినో చూశాను. ఒక్కరే చెప్పడం కష్టమనిపిస్తే అతన్ని మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, అతని ప్రశ్నలు అతన్నే అడగనివ్వండి.

పిల్లల సంగతి. తల్లికో తండ్రికో ఒకరికి ఈ జబ్బుంటే పిల్లలకి వచ్చే అవకాశం సుమారు వందకి పది. మామూలుగా అయితే జీవితం మొత్తంలో వందకి ఒకటి. పదింతలు అని వింటే గుండె జారుతుంది, వందలో తొంభై మందికి రాదని కూడా అదే లెక్క చెబుతోంది.

మందు మీ అంతట మీరు ఆపొద్దు. గర్భం అని తెలిసిన రోజు భయపడి ఆపేసి జబ్బు తిరగబెడితే, అది తల్లికీ బిడ్డకీ మందు కంటే ఎక్కువ ప్రమాదం. గర్భం అనుకున్నప్పుడే, ఇంకా రాకముందే, సైకియాట్రిస్టుతోనూ గైనకాలజిస్టుతోనూ కూర్చుని ఏ మందు, ఎంత అని తేల్చుకోవాలి. ఫిట్స్‌కి, మూడ్‌కి వాడే వాల్‌ప్రోయేట్ కూడా మీకు ఇస్తున్నారేమో చూసుకోండి, అది గర్భంలోని బిడ్డకి హాని చేస్తుంది, ముందే మార్పించాలి. రిస్పెరిడోన్ ప్రోలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది, దానివల్ల కొందరికి నెలసరి ఆగిపోతుంది. మీకూ అలా ఉంటే చెప్పండి, పిల్లలు పుట్టరేమో అని కంగారు పడకండి. మందు మార్చాక నెలసరి తిరిగొస్తుంది, అప్పుడు అనుకోకుండా గర్భం రావొచ్చు, కాబట్టి అప్పటికి సిద్ధంగా లేకపోతే జాగ్రత్త పడాలి.

అన్నిటికంటే గట్టిగా ప్లాన్ చేసుకోవాల్సింది కాన్పు తర్వాత మొదటి కొన్ని వారాలు. జబ్బు తిరగబెట్టే ముప్పు అప్పుడు ఎక్కువ, నిద్రలేమి దానికి తోడవుతుంది. రాత్రిపూట బిడ్డ లేచినప్పుడు పాలు పట్టేది, ఎత్తుకునేది ఎవరు, మీరు కనీసం ఆరు గంటలు ఏకబిగిన పడుకోవడం ఎలా అన్నది కాన్పుకి ముందే తేలిపోవాలి. అతనికి జబ్బు సంగతి చెప్పే రోజునే ఈ విషయం కూడా అడగండి. రాత్రి రెండింటికి లేవడానికి అతను ఏమంటాడో వినండి.